ఏడు క్షేత్రాలూ ఒక జలపాతమూ

ఎక్స్‌రే అమ్మగారికి జలపాతం చూడాలని కోరిక. నిన్నా మొన్నా పుట్టిన కోరిక కాదది. ఆవిడ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేసింది. ఆ గదిలో ఓ ఎర్ర బల్బు, మూడు తొట్లు, క్లిప్పులకి వేలాడే ఊరివాళ్ళ పక్కటెముకలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. తలుపు తీసుకుని వరండాలోకి వస్తే ఎదురుగా గోడ మీద మందుల కంపెనీ వాళ్ళ క్యాలెండరు, దాని మీద జలపాతం. ఏ సంవత్సరానిదో, ఏ దేశానిదో ఎవరికీ తెలియదు. సున్నాలు వేసేవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని తీసి దాచి, సున్నం ఆరాక మళ్ళీ తగిలించేది. "ఒక్కసారి దీని కింద నిలబడాలి" అనుకునేది. అనుకోవడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు కదా.

చూడటానికే సెలవు కావాలి. ఆ సెలవుకి అడ్డం ఆవిడ మొగుడు. అలాగని చెడ్డవాడేం కాదు. పేకాట లేదు, తాగుడు లేదు, ఒకరి జోలికి పోడు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే: కారే కుళాయి. మంచినీళ్ళ సరఫరా శాఖలో ఫిట్టరుగా చేరి హెడ్ ఫిట్టరుగా రిటైరయ్యాడు. ఊరంతా ఆయన్ని వాషరాయన అనేవారు. పెళ్ళాం ఎదురుగా కూర్చుని అరగంట మాట్లాడినా ఆయన చెవికి ఎక్కదు గానీ, పక్కింటి పెరట్లో చుక్క పడితే ఇక్కడ తల తిప్పుతాడు. వాళ్ళింట్లో ఆయన బిగించిన కుళాయి విప్పాలంటే రెండు చేతులూ కావాలి, ఒక్కోసారి పక్కింటావిడ చేతులు కూడా కావాలి. జలపాతానికని ఆవిడ సెలవు పెట్టిన ప్రతిసారీ ఊళ్ళో ఎక్కడో ఓ పెద్ద పైపు పగిలేది. మూడుసార్లు బస్సు టికెట్లు కొన్నారు, మూడుసార్లూ వాపసు ఇచ్చారు. "నీళ్ళు చూడ్డానికి అంత దూరమెందుకోయ్, మార్కెట్ వీధికి రా, మేడ ఎత్తున ఎగజిమ్ముతున్నాయి" అనేవాడు. వేళాకోళం కాదు, నిజంగానే పిలిచేవాడు. ఒకసారి వెళ్ళింది కూడా.

అలాంటి మనిషికి కిందటేడు గుండెలో గొట్టం పూడుకుపోయింది. ఊళ్ళో గొట్టాలన్నీ బాగుచేసినాయన సొంత గొట్టం సంగతి మరిచిపోయాడని ఆసుపత్రిలో నర్సులు కూడా నవ్వుకున్నారు. ఆపరేషను బల్ల మీదకి ఎక్కించేముందు ఆయన భయపడి, బతికి బయటపడితే ఏడు పుణ్యక్షేత్రాలు తిరుగుతానని మొక్కుకున్నాడు. బయటపడ్డాడు. పడ్డాక దేవుడు ఊరుకున్నా ఎక్స్‌రే అమ్మగారు ఊరుకోలేదు. "మొక్కు మొక్కే. ఏడో క్షేత్రానికి దిగువనే జలపాతం ఉందిట. అక్కడికి వెళ్ళకుండా వెనక్కి తిరిగారో, ఆ దేవుడి సంగతేమో గానీ నా సంగతి చూస్తారు" అంది.

వాళ్ళమ్మాయి కాలేజీ ఆఫీసులో టైంటేబుళ్ళు వేసే గుమాస్తా. అమ్మానాన్నల ప్రయాణానికీ టైంటేబులు వేసి ఇచ్చింది. పంతొమ్మిది రోజులు, మూడు వరసలు: భక్తి, దానం, విహారం. దారిలో ముసలివాళ్ళ ఆశ్రమాల్లో పంచడానికి అరవై దుప్పట్లు కొంది. "ఈ మండుటెండల్లో జలపాతంలో నీళ్ళుంటాయిటే?" అని తల్లి అడిగితే, "ఫోన్ చేసి కనుక్కున్నానమ్మా, అది ఎండాకాలంలోనూ ఎండదట. అదే దాని ప్రత్యేకతట" అంది. ఆ మాటతో ఎక్స్‌రే అమ్మగారు బజారుకి వెళ్ళి, తడిబండ మీద జారని అడుగున్న గుడ్డబూట్లు కొనుక్కుంది. ఆవిడ జన్మలో వేసుకున్న మొదటి బూట్లవి.

బయలుదేరే రోజు పొద్దున కారు డిక్కీ తెరిచి చూస్తే అరవై దుప్పట్లలో ముప్ఫయ్యే ఉన్నాయి. మిగతా చోటంతా పనిముట్ల పెట్టె, రెండు పైపు రెంచీలు, బిస్కెట్ డబ్బాల నిండా వాషర్లు, ఓ గ్రీజు డబ్బా.

"ఇవేమిటండీ?"

"దానం. దుప్పటి ఇస్తే ఒక్కడికి వెచ్చన. కుళాయి బాగుచేస్తే వందమందికి లాభం."

"ఈ ఎండల్లో వెచ్చనెందుకని దుప్పట్లు తీసేశారా, రెంచీలకి చోటు చాలక తీసేశారా?"

"రెండూ," అన్నాడు. అబద్ధమాడడు పాపం, అదొక గుణం ఉంది.

ఇక చూడండి ఆ యాత్ర! మొదటి క్షేత్రంలో గుమ్మం దగ్గర భక్తులు చేతులు కడుక్కునే కుళాయిలు పన్నెండుంటే, ఏడు కారుతున్నాయి. ఆయన అక్కడే ఆగిపోయాడు. "నువ్వు వెళ్ళి దణ్ణం పెట్టుకో. నా వంతు కూడా నువ్వే పెట్టెయ్." మొక్కింది ఆయన, మొక్కేది ఆవిడ. రెండో చోట నీళ్ళ ట్యాంకు బంతి పనిచెయ్యడం లేదు, మూడో చోట వంటశాలలో పైపు చెమర్చింది. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ దేవుడి ఎదుట ఇద్దరి పేరూ చెప్పుకునేది, ఆయన బయట ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి బురదలో కూర్చునేవాడు. నాలుగో చోట దేవుడితో ఆవిడ దాపరికం లేకుండా మాట్లాడింది. "స్వామీ, ఆయన్ని బతికించావు, సంతోషం. చెవులు కూడా ఓసారి చూడాల్సింది." అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆవిడ ఇచ్చిన దుప్పట్లని జనం మొహమాటానికి పుచ్చుకున్నారు గానీ, ఆయన వెనకాల మాత్రం ప్రతి ఊళ్ళోనూ కారుదాకా వచ్చి సాగనంపారు. అది చూస్తే ఆవిడకి గర్వంగానూ ఉండేది, ఒళ్ళుమండుతూనూ ఉండేది.

విహారం వరస మరీ దారుణం. సముద్రపొడ్డున దీపస్తంభం మెట్లు ఆవిడ ఒక్కతే ఎక్కింది. ఆయన కింద కాపలావాడి క్వార్టర్లో స్నానాలగది షవరు విప్పుతూ ఉండిపోయాడు. పూలతోటకి వెళితే తోటమాలితో నీళ్ళ గొట్టాల గురించి తగువు వేసుకున్నాడు. పాతకోట ఒక్కటే ఆయనకి నచ్చింది. అక్కడి మురుగుకాలవలు నాలుగు గంటలు చూసి, "రాజులంటే వీళ్ళోయ్! ఒక్క చోట లీకు లేదు" అని మురిసిపోయాడు. దర్బారు హాలు చూశారా అంటే, ఎక్కడుంది అన్నాడు.

ఆవిడ అన్నీ ఓర్చుకుంది. ఆవిడ లెక్క ఒక్కటే: పదిహేనో రోజు, జలపాతం రోజు. కారులో ముందు సీటు కింద కొత్త బూట్లు పెట్టె విప్పకుండా ఉంచింది. "ఏమండీ, నేను దేనికీ అడ్డు చెప్పలేదు. కానీ ఆ రోజు మాత్రం మీ రెంచీ పెట్టెలోంచి బయటికి రాకూడదు. నా పక్కన నిలబడి, నోరు మూసుకుని నీళ్ళు చూడాలి" అంది. "నీళ్ళు చూడ్డం నాకు చెప్పాలా!" అన్నాడాయన.

పద్నాలుగో రోజు మధ్యాహ్నానికి ఏడో క్షేత్రం చేరారు. కొండ మీద చిన్న మందిరం, పక్కనే దిక్కులేని ముసలమ్మల ఆశ్రమం, ఆశ్రమంలోనే వచ్చినవాళ్ళకి రెండు గదులు. ఆశ్రమం చూసుకునే వార్డెనమ్మ గది తాళం ఇస్తూ, "నీళ్ళు మాత్రం పొదుపుగా వాడుకోండమ్మా" అంది. అంతే. ఎక్స్‌రే అమ్మగారు గట్టిగా దగ్గింది, ఆ మాట ఆయన చెవిన పడకూడదని. లాభం లేకపోయింది.

"ఏం, నీళ్ళకేం వచ్చింది?" అన్నాడు వాషరాయన, సంచీ కింద పెట్టేసి.

వార్డెనమ్మ చెప్పుకొచ్చింది. పైన చెరువు నుంచి పైపులో నీళ్ళు వాటంతట అవే దిగి ట్యాంకులో పడాలి. పదకొండేళ్ళుగా ట్యాంకు సగం కూడా నిండదు. నీళ్ళన్నీ దారిలోనే ఎక్కడో పోతున్నాయి. ముప్ఫైమంది ముసలివాళ్ళు, మనిషికి రోజుకి రెండు బకెట్లు. తలంటుకోవాలంటే ముందురోజు నీళ్ళు దాచుకోవాలి. ఎంతమందికి చెప్పుకున్నా వచ్చి చూసినవాడు లేడు.

వాషరాయన కళ్ళు మెరిశాయి. పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ గోడ వంక చూసింది.

"ఆ రోజు రేపు కదోయ్," అన్నాడు మెల్లిగా. "ఇవాళ రెంచీ తియ్యొద్దని నువ్వు అనలేదు."

అనలేదు. నిజమే. ఆవిడ మందిరానికి వెళ్ళి ఇద్దరి దణ్ణాలూ పెట్టుకుంది, వార్డెనమ్మకి మిగిలిన దుప్పట్లు అప్పగించింది, బూట్ల పెట్టె విప్పి తాళ్ళు ఎక్కించుకుంది. పొద్దు వాలే వేళకి ఆయన దిగివచ్చాడు. మోచేతులదాకా గ్రీజు, మొహమంతా వెలుగు. లోయ అంచున పైపుకి నీళ్ళు బయటికి వదిలే ఓ పాత వాల్వు ఉందట, సగం తెరిచి ఉండగా చక్రం బిగుసుకుపోయిందట. కిరసనాయిలు పోసి, సుత్తితో మెల్లిగా తట్టి, వాల్వు మెడకి చుట్టిన కుళ్ళిన తాడు లాగేసి కొత్తది చుట్టి, గంటన్నర కష్టపడి దాన్ని మూసేశాడట. "చెంబుల కొద్దీ కాదోయ్, కాలవ! పదకొండేళ్ళుగా లోయలోకి పోతోంది ఆ నీరంతా! చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది." అన్నం తింటున్నంతసేపూ అదే చెప్పాడు. ఆవిడ సగం నిద్రలో ఊఁ కొట్టింది.

పదిహేనో రోజు తెల్లవారింది. ఆశ్రమంలో సందడే సందడి. ట్యాంకు నిండి పైనుంచి పొర్లుతోంది. ఓ తొంభై ఏళ్ళ బామ్మ కుళాయి కింద తలపెట్టి కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎవరు పిలిచినా లేవడం లేదు. "నిన్ను దేవుడే పంపాడు నాయనా" అని ఇద్దరు ముసలమ్మలు వాషరాయన చేతులు పట్టుకున్నారు. ఆయన సిగ్గుపడిపోయి కారు తుడుస్తూ నిలబడ్డాడు. ఎక్స్‌రే అమ్మగారు బూట్లు వేసుకుని, రెండుసార్లు గదిలో అటూ ఇటూ నడిచి చూసుకుని, కారెక్కింది.

కొండదారి ఆరు మైళ్ళు చుట్టుతిరిగి దిగితే జలపాతం. టికెట్ల గది ఉంది. ఫోటోలు తీసేవాడున్నాడు. టీకొట్టు ఉంది. టీకొట్టాయన తువ్వాలు భుజాన వేసుకుని, నడుం మీద చేతులుపెట్టి పైకి చూస్తున్నాడు. ఆవిడా పైకి చూసింది. ఎత్తైన నల్ల బండ. దాని మీద నీళ్ళు పడిన తెల్లటి చారలు. నీళ్ళు లేవు.

"నీళ్ళేవండీ?" అంది ఆవిడ.

"అదే చూస్తున్నానమ్మా. నిన్న సాయంత్రం దాకా ఉన్నాయి. పొద్దున లేచి చూద్దును కదా, లేవు. పదకొండేళ్ళలో ఇలా ఎప్పుడూ ఎరగను."

"ఎండలు కదా... ఎండిపోయిందేమో."

"ఏరు ఎప్పుడో ఎండిందమ్మా. వానలు పోయిన రెండు నెలలకే ఎండిపోతుంది. ఎండాకాలం పడేది ఏటి నీళ్ళు కాదు. పైన ఏదో పాత పైపుంది, దాని వాల్వు మూసుకోక కారుతుంటుంది. ఆ కారేదే ఇటు పడుతుంది. ఎవరూ పట్టించుకోలేదు, వాళ్ళ పుణ్యమా అని ఎండాకాలం కూడా నాలుగు టీలు అమ్ముకుంటున్నాను. ఏ మహానుభావుడు పట్టించుకున్నాడో ఏమో, వాడి చేతులు పడిపోను!"

ఎక్స్‌రే అమ్మగారు మెల్లిగా వెనక్కి తిరిగింది. మహానుభావుడు తేలు కుట్టిన దొంగలా నిలబడి గోళ్ళ సందుల్లో గ్రీజు చూసుకుంటున్నాడు.

ఆవిడ నడుచుకుంటూ వెళ్ళి ఆ బండ ఎదురుగా ఓ రాయి మీద కూర్చుంది. ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కాసేపు దగ్గాడు. ఆ తరవాత, దేవుడు నోరిచ్చాడు గానీ ఎప్పుడు వాడాలో చెప్పలేదు, ఇలా అన్నాడు:

"అసలిది జలపాతం కాదోయ్. లీకేజీ."

"మీకు లీకేజీ. నాకు జలపాతం," అంది ఆవిడ. అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ చీకటి గది, వాపసిచ్చిన టికెట్లు, ఏడు చోట్ల ఒంటరిగా పెట్టిన జంట దణ్ణాలు, అన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. "పదకొండేళ్ళు కారింది! ఇంకొక్క రోజు కారనిస్తే మీ సొమ్మేం పోయేదండీ? ఊరందరికీ వినపడేలా చేశారు నీళ్ళ చప్పుడు, నాకు తప్ప!" అని కొత్త బూటుతో నేలని తన్నింది. ఆయన అలా ఎప్పుడూ చూడలేదు ఆవిడని. బిక్కచచ్చిపోయాడు.

"లే. వెళ్ళి తెరిచేస్తాను. పది నిమిషాల పని."

ఆవిడ చటాక్కున లేచింది. నాలుగు అడుగులు వేసింది కూడా. అంతలో కుళాయి కింద తలపెట్టుకుని కూర్చున్న బామ్మ గుర్తొచ్చింది. తెరిచేస్తే మళ్ళీ మనిషికి రెండు బకెట్లు. ఆవిడ నిలబడిపోయింది. ఈ మనిషి తనకి కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా చేశాడే అని మరింత కోపం వచ్చింది.

"వద్దు. మీరు చేసింది మంచిపనే. అదే నా ఖర్మ. ఇన్నాళ్ళూ దానం చేసింది మీరూ, ఇచ్చుకుంది నేనూను. పదండి పోదాం."

ఆశ్రమానికి తిరిగి వెళ్ళి సామాను సర్దుకుంటుంటే ఆవిడ కళ్ళు చూసి వార్డెనమ్మ ఏమిటని అడిగింది. చెప్పక తప్పలేదు. వరండాలో తల ఆరబెట్టుకుంటున్న తొంభై ఏళ్ళ బామ్మ అంతా విన్నది.

"ఏమేవ్ వార్డెనూ, ట్యాంకు నిండిందా లేదా?"

"నిండింది బామ్మా, పొర్లిపోతోంది."

"పొర్లేదాన్ని కాసేపు అటు పొర్లనిస్తే మన ముల్లేం పోయిందే? ఆ అమ్మాయి చూస్తుంది, మేమూ చూస్తాం. ఇరవై ఏళ్ళుగా ఆ జలపాతం నెత్తినే కూర్చున్నాం, దాని మొహం ఒక్కరోజు చూసిన పాపాన పోలేదు."

అరవై మూడేళ్ళ ఎక్స్‌రే అమ్మగారికి తనని ఎవరో అమ్మాయి అన్నందుకే సగం దుఃఖం తగ్గింది. అడ్డు చెప్పినవాడు ఒక్క వాషరాయనే. "బాగుచేసిన వాల్వుని ఊరికే తెరవడమా! అదేమన్నా ఆటవస్తువా? ఉద్యోగంలో ఇంతవరకూ నేను..." అంటూ ఏదో చెప్పబోయి, పెళ్ళాం మొహం చూసి ఆగాడు. "సరే. నాలుగింటికి. పది నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువ కాదు" అన్నాడు.

ఆశ్రమం వ్యానులో పట్టినంతమంది పద్నాలుగురు. నడవలేనివాళ్ళనీ, చూడాల్సిందేనని పట్టుబట్టినవాళ్ళనీ కూరుకుని వార్డెనమ్మే నడిపింది. కింద టికెట్లవాడు నీళ్ళు లేవు, టికెట్లు ఇవ్వనన్నాడు. నాలుగింటికి వస్తాయంటే, జలపాతమేమన్నా రైలుబండా అని నవ్వాడు. టీకొట్టాయన మాత్రం నమ్మాడు. నమ్మి, అట్టముక్క మీద బొగ్గుతో "జలపాతం: సాయంత్రం నాలుగు గంటలకు" అని రాసి కొట్టుకి వేలాడదీశాడు. రోజూ ఓ పావుగంట ఇలా వదిలితే మీ సొమ్మేం పోతుందని అప్పుడే వార్డెనమ్మతో బేరం కూడా మొదలెట్టాడు.

వాషరాయన పైన ఉన్నాడు. వాల్వు దగ్గర మనిషి ఉండితీరాలి, ఇంకొకళ్ళ చేతికి ఆయన రెంచీ ఇవ్వడు. కాబట్టి ఆయన పక్కన నిలబడి చూడాలన్న మాట ఎగిరిపోయింది. ఎక్స్‌రే అమ్మగారు బూట్ల తాళ్ళు బిగించుకుని బండ కిందకి వెళ్ళి ఒక్కతే నిలబడింది.

నాలుగయింది. ముందు ఓ చప్పుడు. తరవాత పై అంచున ఓ సన్నటి తెల్లటి గీత. చూస్తుండగానే గీత దారమైంది, దారం పాయైంది. పాయ బండ మీద పడి విరిగి, తుంపరై, ఆవిడ మొహాన కొట్టింది. క్యాలెండర్లో ఉన్నంత పెద్దదేం కాదు. అందులో పాతికోవంతు ఉంటుందేమో. కానీ క్యాలెండరు ఎన్నడూ ఆవిడని తడపలేదు. ఆవిడ రెండు చేతులూ చాపి నిలబడి గట్టిగా నవ్వింది. వెనకనుంచి బామ్మ "జరగవే అమ్మాయ్, నాకు కనపడ్డం లేదు" అని కేకేసింది. పద్నాలుగురూ ఒకళ్ళని ఒకళ్ళు పట్టుకుని వచ్చి ఆవిడ చుట్టూ నిలబడ్డారు. తలంటుకున్న తలలన్నీ మళ్ళీ తడిశాయి.

పది నిమిషాలయింది. వార్డెనమ్మ గడియారం చూసుకుంది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పదిహేనయింది. టికెట్లవాడు గదికి తాళమేసి వచ్చి నిలబడ్డాడు. ఇరవై. ఎక్స్‌రే అమ్మగారు ఇక చాలు, ఇక ఆగిపోతుంది అనుకుంటూ పైకి చూసింది. ఆగలేదు. పద్నాలుగురికీ చలిపుట్టి, టీకొట్టాయన తువ్వాలు పద్నాలుగు తలలు తిరిగి, ఆవిడకే ఇక చూసింది చాలనిపించి రాయి మీద కూర్చున్నాక, ముప్ఫై అయిదో నిమిషంలో పాయ సన్నబడి, దారమై, పోయింది.

అరగంటకి వాషరాయన కాలిదారిన దిగివచ్చాడు. రెంచీ భుజాన ఉంది.

"పది నిమిషాలన్నారు," అంది ఆవిడ.

"చక్రం బిగుసుకుపోయిందోయ్," అన్నాడు ఎటో చూస్తూ. "ఎంత తిప్పినా తిరగలేదు. పాత సామాను కదా."

ఆయన చెయ్యి పడిన వాల్వు మొరాయించిందని ఆయన నోట వినడం ఆవిడకి పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఆయన చేతుల వంక చూసింది. పెనుగులాడిన చేతుల్లా లేవు, శుభ్రంగా ఉన్నాయి.

"అయ్యో పాపం," అంది తడిసిన బూట్ల తాళ్ళు విప్పుకుంటూ. "రేపు బయలుదేరేముందు మరోసారి చూడండి. మళ్ళీ బిగుసుకుంటుందేమో."

"చూడాలి," అన్నాడు వాషరాయన గంభీరంగా.